పదిహేనో ఫారం దగ్గర

రాత్రి తొమ్మిదింటికి అని ఆయన తడుముకోకుండా చెప్పేశాడు. చెప్పాక గానీ ఆ మాట బరువు తెలియలేదు. చివరిసారి ఆవిడ మామూలుగా ఉండగా ఎప్పుడు చూశారండీ, బాగా గుర్తు చేసుకుని చెప్పండి, అని చిన్న డాక్టరమ్మ చక్రాల మంచం పక్కన పరుగులాంటి నడక నడుస్తూనే అడిగింది. ఆయన ఆవిడ చెప్పులు చేత్తో పట్టుకుని వెంటపడి వస్తూ, రాత్రి భోజనాలయ్యాక కంచాలు తీస్తూ సరే లెండి మీ ఇష్టం అంది, అదే ఆఖరి మాట, అప్పుడు తొమ్మిదయింది, రేడియోలో వార్తలు మొదలయ్యాయి, అన్నాడు. డాక్టరమ్మ గోడ గడియారం చూసింది. పదకొండుకి ఐదు నిమిషాలు తక్కువ. అంటే పద్నాలుగు గంటలు, అంది, ఆయనతో కాదు, అటు పక్క నర్సుతో. గడ్డ కరిగించే ఇంజక్షన్‌కి టైము దాటిపోయినట్టే, ముందు తల లోపలి బొమ్మలు తీయించండి, అప్పుడు చూద్దాం. ఆ 'దాటిపోయినట్టే' ఆయన గుండెలో దిగబడింది. మంచం లోపలికి వెళ్ళింది, తలుపు మూసుకుంది, ఆయన చేతిలో చెప్పులు మిగిలాయి.

తలుపు పక్క ఇనప కుర్చీలో కూలబడ్డాడు. చేతుల మీద జిగురు ఎండి పొలుసులు పొలుసులుగా లేస్తోంది, గోళ్ళతో గీరుకుంటున్నాడు. నర్సు ఒకామె వచ్చి ఆవిడ కళ్ళజోడూ, సగం కుట్టిన పుస్తకమూ ఒళ్ళో పెట్టి, ఎడం చేత్తో పట్టుకుని వదల్లేదండీ, వేళ్ళు ఒక్కొక్కటే విడదీయాల్సి వచ్చింది, అని వెళ్ళిపోయింది. లెక్కల టీచరు పుస్తకం. ముప్పై ఏళ్ళు క్లాసులో చెప్పిన లెక్కలన్నీ అచ్చు వేయించుకుని, బైండింగ్ చేయించుకుందామని ఇచ్చింది. పొద్దున పదింపావుకి అది అయిందేమో చూసుకుందామని షాపులోకొచ్చిన ఆ టీచరే, అమ్మగారి మూతి అలా ఒక పక్కకి జారిందేమిటండీ, అంది. అప్పుడు ఆయన వెనక్కి తిరిగి చూశాడు. అప్పుడు. దారిన పోయే మనిషి గుమ్మంలో నిలబడి ఒక్క చూపులో చూసింది, రెండు గంటల నుంచి అదే గదిలో, నాలుగడుగుల దూరంలో ఉన్న మొగుడు చూడలేదు. చూడకపోవడం కూడా కాదు, పంతం పట్టి చూడలేదు. ఎందుకంటే ఆవిడ అలిగింది. అలిగిన మనిషి మొహం చూడటమంటే ఓడిపోవడమే, ఆ ఇంట్లో అది ముప్పై ఒక్క ఏళ్ళుగా నడుస్తున్న చట్టం.

ఆ చట్టం ఎవరు రాశారో ఇద్దరికీ తెలీదు గానీ అన్ని సెక్షన్లూ కంఠతా వచ్చు. మొహం చూడకూడదు. పేరు పెట్టి పిలవకూడదు. పని ఆపకూడదు, పనికి అలకతో సంబంధం లేదు. తప్పనిసరైతే గోడతో చెప్పాలి, ఆ ప్రెస్సు ఎవరన్నా కాస్త బిగిస్తే బాగుండు, అని ఆవిడ అల్మరాకి చెబితే, ఆయన వెళ్ళి పుస్తకాల మీద అది బిగించి, దారం అయిపోవచ్చింది కాబోలు, అని కిటికీతో అనేవాడు. పిల్ల చిన్నప్పుడు ఇద్దరికీ మధ్య రాయబారం నడిపేది, నాన్నతో చెప్పు, అమ్మతో చెప్పు, అటూ ఇటూ పరిగెత్తీ పరిగెత్తీ ఒకరోజు విసుగొచ్చి, మీ ఇద్దరితోనూ నేనే మాట్లాడను పొండి, అని టేబులు కింద దూరింది. ఆ పిల్లకి ఇందాక ఫోన్ చేశాడు, బస్సెక్కాను నాన్నా, వచ్చేస్తున్నా, అంది, అమ్మ మాట్లాడుతోందా అని అడిగింది. ఏం చెబుతాడు. అమ్మ మాట్లాడటం లేదే, రాత్రి నుంచీ మాట్లాడటం లేదు, అందులో సగం నా పాపం, సగం ఆ గడ్డది, ఎక్కడిదాకా నాదో ఎక్కణ్ణుంచి దానిదో నాకు తెలీదు. నేనెప్పుడూ ముందు మాట్లాడలేదు, ఎప్పుడూ ఆవిడే, మూడోనాడో నాలుగోనాడో, గొడుగు పట్టుకెళ్ళండి మబ్బేసింది, అనేది ఏమీ జరగనట్టు, ఈయనగారు గెలిచినట్టు మీసం సవరించుకునేవాడు. ఎంత మగాడివి నువ్వు అని ఇప్పుడు కుర్చీ చెయ్యి పట్టుకుని తనని తానే తిట్టుకున్నాడు.

ఇంతకీ ఆవిడ ఊరికే అలగలేదు. నిన్న సాయంత్రం లైబ్రరీ ఆయన వచ్చాడు, పాత పుస్తకాలు బాగుచేయించుకుని పోతుంటాడు, వాటిలో ఇంకా అట్ట వేయని ఒకటి తీసి వీపు మీద వేలు రాసి, ఎంత అందంగా ఉందండీ ఈ కుట్టు, యంత్రం కూడా ఇంత తూకంగా కుట్టదు, చెయ్యంటే మీదీ, అన్నాడు. ఆయన నవ్వాడు. నవ్వి, ఏదో లెండి, అలవాటైపోయింది, అన్నాడు. అంతే అన్నాడు. అబద్ధం ఒక్క ముక్క చెప్పలేదు, నిజం ఒక్క ముక్క చెప్పలేదు. అట్టలు ఆయనవి, జిగురు ఆయనది, బంగారు అక్షరాలు అద్దడం ఆయనది, వీధిలో అందరూ అట్టల మాస్టారు అనేదీ ఆయననే. కుట్టు మాత్రం ముప్పై ఏళ్ళుగా ఆవిడదే. కాపురానికొచ్చిన కొత్తలో వేళ్ళు పొడుచుకుని నోట్లో పెట్టుకుంటూ నేర్చుకుంది, ఆరు నెలల్లో ఆయన్ని మించిపోయింది, ఏడాదికి ఆయన సూది ముట్టుకోవడమే మానేశాడు. అట్ట వేశాక కుట్టు కనపడదు, ఆవిడా కనపడదు. ప్రెస్సు వెనక నిలబడి ఆ 'అలవాటైపోయింది' విన్నది. రాత్రి భోజనాల దగ్గర, ఆ లైబ్రరీ ఆయనతో రేపు చెబుతారా, అని అడిగింది. ఏం చెప్పాలోయ్, ఇంత చిన్నదానికి పనిగట్టుకుని వెళ్ళి చెబితే నవ్విపోతాడు, అన్నాడు ఈ మహానుభావుడు. సరే లెండి, మీ ఇష్టం. కంచాలు తీసింది. అదే ఆఖరి మాట.

అదే ఆఖరి మాట అయిపోతుందా. అమ్మ గుర్తొచ్చింది, ఆయన కన్నతల్లి, పొయ్యి దగ్గర కూర్చున్నది కూర్చున్నట్టే పక్కకి ఒరిగిపోయింది, ఇరవై ఏడేళ్ళ కిందట. అప్పుడొచ్చిన డాక్టరు కళ్ళలోకి లైటు వేసి, మోకాలి మీద చిన్న సుత్తితో కొట్టి, అరికాలు గీసి, పక్షవాతమండీ, కాస్త నూనె రాసి మర్దనా చేస్తుండండి, అని బ్యాగు సర్దుకున్నాడు. లోపల ఏం జరిగిందో ఆయనకీ కనపడలేదు, ఎవరికీ కనపడలేదు, గడ్డ అడ్డుపడిందో, నరం చిట్లి రక్తమే కారిందో. చూసే దారి ఉండేది కాదు, చూసినా చేసేది ఉండేది కాదు. నాలుగేళ్ళు ఉంది అమ్మ అలా, ఒకే ఒక్క శబ్దంతో, బా బా బా అంటూ. ఆ బాబాబాలో ఏది దాహమో ఏది చలో ఏది కొడుకు మీద బెంగో కొడుక్కి తెలిసేది కాదు, కోడలికి తెలిసేది. ఇది దుప్పటి అడుగుతోంది, ఇది మిమ్మల్ని తిడుతోంది, అని చెప్పేది, అమ్మ నిజంగానే తల ఊపేది. ఆ చెవులున్న మనిషికి ఇవాళ తను ఏం చేశాడు. పొద్దున తొమ్మిదిన్నరప్పుడో ఎప్పుడో వెనక నుంచి, ఆఁ... ఆఁ... అని వినపడింది. గోడతో మాట్లాడబోతోంది కాబోలు, గొంతు సవరించుకుంటోంది, ఈసారి అంత తేలిగ్గా దొరకను, అనుకుని రేడియో పెంచాడు. దేవుడా, రేడియో పెంచాడు. అంతకుముందు కత్తెర ధడాలున కింద పడింది. విసిరికొట్టింది, ఎంత కోపమో చూడు, అనుకున్నాడు. విసిరికొట్టలేదు, చేతిలోంచి జారిపోయింది. ముప్పై ఒక్క ఏళ్ళలో ఆవిడ ఎప్పుడన్నా పనిముట్టు విసిరిందా. లేదు. మరి ఎలా అనుకున్నావురా.

ఎలా అనుకున్నావు అని తనని తాను నిలదీసుకుంటూనే చేతులు ఊరుకోక ఒళ్ళో పుస్తకం తిప్పుతున్నాయి. అలవాటు చొప్పున బొటనవేలు వీపు మీదికి వెళ్ళింది, కుట్టు తడమడం, లైబ్రరీ ఆయన రాసినట్టే. గరగరలాడకుండా జారింది వేలు, ఒకటో ఫారం, రెండు, మూడు, పదహారేసి పేజీలు మడిచిన ఫారాలు ఒకదాని మీద ఒకటి, ప్రతిదాని నడుమా అదే బిగువు, అదే దూరం, చివర అదే చిన్న ముడి. ఎంత కోపంలో కూడా చెయ్యి ఎంత నిదానంగా ఉందో, ఆ నిదానం చూసి కళ్ళు మసకబారాయి. పది, పదకొండు. పద్నాలుగు. వేలు ఆగింది. పదిహేనో ఫారంలో దారం వదులుగా ఉంది, వేలు దూరేంత. పదహారులో సూది చిల్లు తప్పి కాగితాన్ని చీల్చింది. పదిహేడోది తలకిందులుగా ఉంది, కుట్లు అటు నుంచి ఇటు వేసినట్టున్నాయి, ఎడం చేత్తో వేసినట్టు, కుడిది రాకపోతే ఎడంచేత్తో వేసిందన్నమాట పిచ్చిది, పని ఆపకూడదు కదా. పద్దెనిమిదో ఫారంలో సూది అలాగే వేలాడుతోంది. ఆయన మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టాడు. పద్నాలుగు. షట్టరు ఎత్తింది ఎనిమిదింటికి, ఎదురుగా స్కూలు గంట కొట్టింది, ఆవిడ అప్పుడే దారం ఎక్కించింది. ఫారానికి ఐదు నిమిషాలు, ఎవరూ వచ్చి కదపకపోతే ఎక్కువా కాదు తక్కువా కాదు, ఆ లెక్క మీదే కదా పుస్తకాలిచ్చినవాళ్ళకి తేదీలు చెబుతాడు. పద్నాలుగైదులు డెబ్భై. తొమ్మిదింపావు దాటలేదు. రాత్రి తొమ్మిది కాదు! పొద్దున తొమ్మిది దాటేదాకా బాగుంది, మాట్లాడలేదు గానీ బాగుంది, అది అలక, వట్టి అలక, బంగారం లాంటి అలక. లేచాడు. కళ్ళజోడు కింద పడింది, చూసుకోలేదు. లోపలికి రాకూడదు అని రాసి ఉన్న తలుపుని భుజంతో తోసుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

అద్దం అవతల ఆవిడ పడుకుని ఉంది, తల పెద్ద తెల్లటి చక్రంలో. ఇవతల చిన్న డాక్టరమ్మ తెర మీదికి వంగి చూస్తోంది. ఎవరో బయటికి వెళ్ళండి అంటున్నారు, ఆయనకి వినపడటం లేదు, పుస్తకం తెరిచి డాక్టరమ్మ ముందు పెట్టేశాడు. నేను తప్పు చెప్పానమ్మా, రాత్రి నుంచీ ఆవిడ అలిగింది, అలకని కూడా జబ్బులో కలిపేశాను, ఇదిగో ఇక్కడిదాకా చూడండి, ఇక్కడిదాకా బాగుంది, ఎనిమిదింటికి మొదలెట్టింది, ఫారానికి ఐదు నిమిషాలు, అంటే ఇక్కడికి టైము తొమ్మిదీ పది, ఇక్కడ చెయ్యి జారింది. డాక్టరమ్మ విసుక్కోబోయి ఆగింది. పద్నాలుగో కుట్టు మీదా పదిహేనో కుట్టు మీదా తనూ వేలు పెట్టి చూసింది.

"ఎవరు కుట్టారిది, మీరా?"

"కాదమ్మా. నాకు చేతకాదు. అన్నీ ఆవిడే కుడుతుంది. మొదటి నుంచీ ఆవిడే."

ఇంత చిన్నది. ఇంత తేలిగ్గా వచ్చేసింది నోటి నుంచి. డాక్టరమ్మ తెర ఆయన వైపు తిప్పింది. అడ్డంగా కోసిన అక్రోటుకాయ లాంటి బొమ్మలు, ఒకదాని కింద ఒకటి. "రక్తం కారలేదు, అది మన అదృష్టం. కారి ఉంటే వైద్యం వేరు, ఈ ఇంజక్షన్ ఇస్తే ప్రాణం మీదికొస్తుంది. పైకి చూస్తే రెండూ ఒక్కలాగే ఉంటాయి, లోపల చూస్తే గానీ తెలీదు. ఇదిగో, ఈ నాళంలో గడ్డ అడ్డుపడింది. ఈ ఎర్ర చుక్క ఉందే, అంతమేర పోయినట్టే. ఈ పచ్చగా ఉన్నదంతా రక్తం అందక అల్లాడుతోంది, కానీ బతికే ఉంది. మాటలుండే చోటు ఇదే. పూర్వం గడియారం ఒక్కటే చూసుకునేవాళ్ళం, టైము తెలీకపోతే చేతులెత్తేసేవాళ్ళం. ఇప్పుడు బొమ్మ కూడా చెబుతుంది. బొమ్మా, మీ ఆవిడ కుట్టూ ఒకే మాట చెబుతున్నాయి." ఇంజక్షన్ ఇచ్చేస్తాం, గడ్డ పెద్దది కాబట్టి తొడ దగ్గర నాళంలోంచి సన్నటి గొట్టం పైదాకా పంపి దాన్ని లాగేస్తాం, కొందరికి ఇందులోనే రక్తం కారే ప్రమాదమూ ఉంది, చెప్పడం నా ధర్మం, సంతకం పెట్టండి, అంది. పెట్టాడు. జిగురు వేళ్ళకి కాగితం అంటుకుంది.

మళ్ళీ కుర్చీ, ఇంకో తలుపు, తలుపు పైన ఎర్ర దీపం. లోపల ఆవిడ తొడలోంచి దారం లాంటి గొట్టం పొట్ట దాటి, గుండె పక్క నుంచి, మెడలోంచి తలలోకి వెళుతోంది. దారం ఎక్కడ బిగించాలో ఎక్కడ వదలాలో తెలిసిన చెయ్యయితే బాగుండు, ఆవిడ చెయ్యి లాంటి చెయ్యి. గోడ వైపు చూసి, గోడతో మాట్లాడే అలవాటే కదా, నువ్వు రావాలోయ్, అన్నాడు. మాటలు రాకపోయినా రా, బా బా అన్నా సరే, నేను నేర్చుకుంటాను, నువ్వు మా అమ్మ కోసం నేర్చుకోలేదూ. కానీ మాటలతో రా. నన్ను తిట్టాలి కదా, చాలా ఉన్నాయి. పదకొండు రోజుల అలక గుర్తొచ్చింది, రికార్డు అది, బస్సులో గొడుగు మర్చిపోయింది ఎవరన్న దాని మీద. పదకొండో రోజు కరెంటు పోయి, చీకట్లో ఇద్దరూ ఒకేసారి అగ్గిపెట్టె కోసం అల్మరాలో చెయ్యి పెడితే చేతులు తగిలి, ఆవిడకి నవ్వొచ్చేసింది, ఆపుకోలేక కింద కూర్చుని నవ్వింది. ఆ నవ్వు లోపల ఎక్కడుందో, పచ్చగా ఉన్న చోటా, ఎర్రగా ఉన్న చోటా. కుట్టేటప్పుడు ఏదో కూనిరాగం తీస్తుంది, అలిగినప్పుడు తీయదు, ఇవాళ తీయలేదు, రాగం లేకపోతే షాపులో జిగురు కూడా సరిగా ఆరదనిపిస్తుంది. ఇదంతా ఎప్పుడన్నా చెప్పాడా. చెప్పలేదు. నీ కుట్టు నా అట్టల్ని నిలబెడుతోంది అని ఒక్కసారి, ముప్పై ఒక్క ఏళ్ళలో ఒక్కసారి. ఆవిడంటే ఇంత ప్రేమ ఉందని తెలుసు గానీ, అది చెప్పాల్సిన వస్తువని తెలీదు ఆయనకి. ఈసారి నేనే ముందు మాట్లాడతాను. ఆవిడ వినేటట్టుంటే చాలు. చట్టాన్ని చింపి పారేస్తాను.

ఎర్ర దీపం ఆరిపోయింది. మంచం బయటికి వచ్చింది, చిన్న డాక్టరమ్మ ముసుగు గడ్డం కిందికి లాగి, ఒక్కసారిలోనే వచ్చేసిందండీ గడ్డ, దారి తెరుచుకుంది, అంది. ఇక చూడాల్సింది మనిషిని. ఆవిడ కళ్ళు తెరిచే ఉన్నాయి. మూతి సరిగా ఉంది, దాదాపు సరిగా. కుడి చెయ్యి ఎత్తండమ్మా, అంటే, మెల్లిగా, గాలిలో తూగుతూ, కుడి చెయ్యి లేచింది. ఆయన నోరు చేత్తో మూసుకున్నాడు. మీ పేరేంటమ్మా, అంటే చెప్పింది, కాస్త ముద్దగా, కానీ చెప్పింది. డాక్టరమ్మ ఆయన్ని భుజం పట్టుకుని ముందుకి లాగింది.

"ఈయనెవరో చెప్పండి?"

ఆవిడ చూసింది. తేరిపార చూసింది, జుట్టు నుంచి జిగురు చేతుల దాకా. పెదాలు బిగించి, మొహం గోడ వైపు తిప్పేసుకుంది. డాక్టరమ్మ కనుబొమలు ముడిపడ్డాయి. నర్సు తన చేతిలో కాగితం మీద ఏదో రాయబోయింది. ఆవిడ అలా తిరగడం చూసి ఆయన గుండె ఎగిరి గంతేసింది, ఆ మెడ తిప్పుడు ఆయనకి తెలుసు, ఆ గడ్డం అలా పైకెత్తడం తెలుసు, కోటిమందిలో గుర్తుపడతాడు. మరుక్షణం ఆ గుండే కుంగింది. పొద్దున కూడా తెలుసనే అనుకున్నావు. ఆవిడని చదవడంలో నీ పాండిత్యం ఎంతో పొద్దున చూశాం. వద్దు, ఈసారి నీ మాట మీద ఆవిడని వదలకు.

"అమ్మా, నాకు అలక లాగే ఉంది," అన్నాడు, "కానీ నా మాట నమ్మకండి. పొద్దునా ఇలాగే అనుకున్నాను. మళ్ళీ బొమ్మ తీయండి. దయచేసి మళ్ళీ చూడండి." అని, మంచం అంచు పట్టుకుని, వెనక్కి తిరిగి ఉన్న ఆ తలతో, "ఏమోయ్, తప్పు నాదే, నేనే ముందు మాట్లాడుతున్నా, ఒక్కసారి ఇటు చూడు," అన్నాడు. తల కదల్లేదు. డాక్టరమ్మ టార్చి తీసుకుని మంచం అటు పక్కకి తిరిగింది, కళ్ళలోకి లైటు వేద్దామని వంగింది, నర్సు మంచాన్ని మళ్ళీ బొమ్మల గది వైపు తిప్పబోయింది. అప్పుడు ఆవిడ ఎడం చేత్తో డాక్టరమ్మ కొంగు లాంటి తెల్లకోటు అంచు పట్టుకుని ఆపింది.

"కంగారు పడకమ్మా," అంది, ఒక్కో మాటా కూడదీసుకుంటూ. "ఆయనెవరో... నాకు తెలుసు. మాట్లాడటం లేదు. అంతే."